డబ్బా విప్పండి, కారు కట్టండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో పాత వస్తువుల మీద పెట్టుబడి గురించి మీరు వేసిన కథనం చదివాను. నాణేలు, స్టాంపులు, గ్రామఫోన్ రికార్డుల సరసన విడి ముక్కలు అతికించి చిన్న నమూనా కారు కట్టుకునే విదేశీ ప్లాస్టిక్ కిట్లకు కూడా చోటిచ్చారు, సంతోషం. చివర్లో ఇచ్చిన సలహా దగ్గర మాత్రం ఆగిపోయాను. సీలు విప్పని డబ్బా అయితేనే విలువ, విప్పితే పోయినట్టే, కాబట్టి కొన్నాక బీరువాలో పెట్టి మరిచిపోవాలి అని రాశారు. కిట్ల విషయంలో ఈ సలహా తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. ఆ డబ్బా బీరువాలో క్షేమంగా ఉండదు. ప్లాస్టిక్‌తో బతికినవాడిని కాబట్టి చెబుతున్నాను.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో డై మేకర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మిక్సీ బాడీలు, స్విచ్ ప్లేట్లు, సీసా మూతలు, టేప్‌రికార్డర్ నాబులు, ఇలా ఇంట్లో మనం ముట్టుకునే ప్రతి ప్లాస్టిక్ వస్తువు వెనకా ఒక ఉక్కు డై, అంటే కరిగిన ప్లాస్టిక్ పోసే అచ్చు, ఉంటుంది. ఆ డైలు చేయడమే నా వృత్తి. కేంద్ర ప్రభుత్వం 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. అక్కడ చదివి వచ్చిన కుర్రాళ్లు ఎంతోమంది నా పక్క బెంచీల మీద పనిచేశారు.

మా అబ్బాయి అమెరికాలో, డెట్రాయిట్ శివారు ఊరు ట్రాయ్‌లో ఉంటాడు. కార్ల కంపెనీల్లో ఉద్యోగాలకని వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. మేం వెళ్లినప్పుడు అక్కడి హాబీ షాపులో, పాత సామాను అరలో, నాకొక డబ్బా కనిపించింది. 1957 షెవ్రొలె బెల్ ఎయిర్, ఇరవై అయిదో వంతు సైజు, ఏఎంటీ కంపెనీ కిట్. డబ్బా పక్కన కంపెనీ అడ్రసు చదివితే ఈస్ట్ మేపుల్ రోడ్, ట్రాయ్, మిషిగన్ అని ఉంది. రోజూ మావాడు ఆఫీసుకు వెళ్లే రోడ్డే అది. ఆ కంపెనీ ఇప్పుడు అక్కడ లేదు. 1978లో దాన్ని లెస్నీ అనే బ్రిటన్ కంపెనీ కొంది, ఎనభైల మొదట్లో అయోవా రాష్ట్రంలోని అర్టల్ చేతికి వెళ్లింది, ఇప్పుడా పేరు ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లోని రౌండ్ టూ కంపెనీ దగ్గర ఉంది. చేతులు మారినప్పుడల్లా ఉక్కు డైలు కూడా లారీలెక్కి ఊళ్లు మారాయి.

ఏఎంటీ 1948లో మొదలైనప్పుడు కిట్లు చేయలేదు. కార్ల డీలర్లకు కొత్త కార్ల చిన్న నమూనాలు చేసి ఇచ్చేది. మొదట అల్యూమినియంతో, తర్వాత ప్లాస్టిక్‌తో. వాటిని ప్రోమోలు అంటారు. కారు కొనడానికి వచ్చినవాళ్లకు రంగు చూపించడానికి, వెంట వచ్చిన పిల్లల చేతిలో పెట్టడానికి అవి పనికొచ్చేవి. 1958లో అలాంటి బాడీలకే విడిభాగాలు చేర్చి 'త్రీ ఇన్ వన్' కిట్లు తెచ్చింది. ఒకే డబ్బాలోని ముక్కలతో షోరూములో ఉన్నట్టు కట్టుకోవచ్చు, సొంత హంగులతో కట్టుకోవచ్చు, లేదంటే రేసు కారు చేసుకోవచ్చు. ధర ఒకటిన్నర డాలర్‌కి లోపే. పేపర్లు వేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే కుర్రాడు కూడా కొనుక్కోగలిగిన వస్తువది. ఎవరో పెట్టుబడి పెట్టాలని చేసింది కాదు.

ఆ డై ఎలా చేశారో కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది. కార్ల కంపెనీ నుంచి డ్రాయింగులు వచ్చేవి. వాటిని బట్టి ప్యాటర్న్ మేకర్లు పదో వంతు సైజులో చెక్కతో కారు చెక్కేవారు. దాన్నుంచి గట్టి నమూనా తీసి పాంటోగ్రాఫ్ మిషన్ మీద ఎక్కించేవారు. ఒకవైపు స్టైలస్ ఆ పెద్ద నమూనా మీద నడుస్తుంటే, రెండోవైపు కట్టర్ అదే వంపును ఇరవై అయిదో వంతుకి తగ్గించి లోహంలో కోస్తుంది. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషన్లు రాకముందు మేమూ పాంటోగ్రాఫ్ మీదే బతికాం. చెయ్యి ఒక్క క్షణం బరువుగా పడితే లోహంలో గంటు. ఆపైన నీడిల్ ఫైల్‌తో, రాయితో, డైమండ్ పేస్టుతో చేత్తో రుద్దుకోవడం. తర్వాత ఒక సగానికి నీలం రంగు పూసి, రెండు సగాలూ మూసి తెరిచి, రంగు ఎక్కడ అంటిందో అక్కడ మళ్లీ రుద్దడం. మేం స్పాటింగ్ అంటాం. వారాల తరబడి సాగే పని. ఓపిక లేనివాడు ఆ పనిలో నిలబడడు.

నా చేతికొచ్చిన బెల్ ఎయిర్ బాడీ ఒకే ముక్క. కప్పు, తలుపులు, ఫెండర్లు, వెనక తోక రెక్కలు అన్నీ ఒకే షాట్‌లో, అంటే ఒక్కసారి ప్లాస్టిక్ పోయడంలోనే, పడ్డాయి. చూసేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. రెండు సగాలుగా తెరుచుకునే మామూలు డైలో అలాంటి బాడీ రాదు, పక్కల మీది పట్టీలు, గ్రిల్ లోతులు ఉక్కులో ఇరుక్కుంటాయి. నాలుగు వైపులా స్లయిడ్లు పెట్టి, డై తెరుచుకునేటప్పుడు అవి పక్కలకు జరిగేలా చేస్తేనే బాడీ బయటికొస్తుంది. ఆ స్లయిడ్లు కలిసిన చోట వెంట్రుకంత గీత మిగులుతుంది. అదే పార్టింగ్ లైన్. నా కిట్‌లో ఆ గీత ఫెండర్ల పైఅంచు మీదుగా వెళ్లి, వెనక అద్దం పక్క పిల్లర్ ఎక్కి, కప్పు అంచు పట్టుకుని మళ్లీ దిగింది. దాన్ని గోటితో తడుముకుంటూ పోతే డై ఎన్ని ముక్కలో, ఏది ఎటు కదిలిందో నాకు పూర్తిగా అర్థమైంది. కప్పు లోపలివైపు, ముక్కని డైలోంచి బయటికి తోసే ఇజెక్టర్ పిన్నుల గుండ్రటి ముద్రలు. బాడీ పోసే పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ చల్లారేటప్పుడు వెయ్యికి నాలుగు నుంచి ఏడు వంతుల దాకా కుదించుకుంటుంది, దళసరిగా ఉన్నచోట ఉపరితలాన్ని లోపలికి లాగుతుంది. చాసిస్ అడుగున ఆ సింక్ మార్కులూ ఉన్నాయి. ఆ డై మీద ఎవరు కూర్చున్నారో వాళ్ల పేరు డబ్బా మీద ఉండదు. వాళ్ల పని కనిపించేది ఆ గీతల్లోనే. సీలు వేసిన డబ్బాలో ఆ పని ఎవరికి కనిపిస్తుంది?

ఇక అసలు సంగతికి వస్తాను. పాత కిట్లలో బాడీ గట్టి పాలిస్టైరీన్. టైర్లు మెత్తటి పీవీసీ. పీవీసీని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ కలుపుతారు, నూనెలాంటి ద్రవం. అది పీవీసీలో శాశ్వతంగా ఉండిపోదు. మెల్లమెల్లగా పైకి ఊరుతుంది. ఊరిన చోట పాలిస్టైరీన్ తగిలితే దాన్ని కరిగిస్తుంది. అరవైల కిట్లలో ఇది ఏ ఒక్క కంపెనీ లోపమో కాదు, అప్పటి మెటీరియలే అంత. మిషిగన్‌లో ఒక స్వాప్ మీట్‌కి, అంటే పాత వస్తువులు అమ్ముకునే, మార్చుకునే సంతకి, వెళ్లినప్పుడు ఒకాయన అప్పుడే సీలు విప్పిన డబ్బా చూపించాడు. బయట అట్ట కొత్తదానిలా మెరుస్తోంది. లోపల ఒక టైరు దొర్లి ముందు అద్దం మీద పడుకుంది. ఎన్నేళ్లు అలా ఉందో, టైరు గాడులన్నీ అద్దంలో ముద్ర పడ్డాయి. ఇంకో టైరు బానెట్ మూలని తినేసింది. టైరు ఎత్తితే ప్లాస్టిక్ తీగలా సాగింది. సీలున్నన్నాళ్లూ ఆ డబ్బాని ఎవరైనా మంచి ధరకే కొనేవారు.

టైర్లతో అయిపోలేదు. నీటిలో నానబెట్టి అంటించే డెకాల్స్ ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడతాయి, నీళ్లలో వేస్తే ముక్కలుముక్కలవుతాయి. డబ్బాకి చుట్టిన ష్రింక్ ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ ఇంకా బిగుసుకుని అట్టని వంచుతుంది, లోపలి సన్నటి బాడీ కూడా దాంతోపాటు వంగే అవకాశం ఉంది. మన ఎండలకి అటక మీద పెట్టిన డబ్బా సంగతి చెప్పక్కర్లేదు. వేడి పెరిగేకొద్దీ ప్లాస్టిసైజర్ ఊరడం ఎక్కువవుతుంది. ఇవన్నీ విప్పితేనే కనిపిస్తాయి, విప్పొద్దని మీరు సలహా ఇస్తున్నారు.

డబ్బు మాట కూడా చెబుతాను. ఇప్పుడున్న కంపెనీలు పాత డైలు బయటికి తీసి అవే కిట్లు మళ్లీ పోస్తున్నాయి. కొత్త డబ్బా వచ్చిందంటే పాత డబ్బా ధర సాధారణంగా దిగుతుంది, ఎందుకంటే కట్టుకోవాలనుకునేవాడు కొత్తదే కొంటాడు. '57 బెల్ ఎయిర్ కిట్ ఎన్నోసార్లు మళ్లీ వచ్చింది. కాబట్టి నేను పాతది విప్పి కట్టినంత మాత్రాన లోకానికి పోయిందేమీ లేదు.

ఒక్క రకం కిట్లకు మాత్రం మినహాయింపు ఇస్తాను. ప్రతి ఏడాదీ కొత్త మోడల్ కారు రాగానే ఆ ఏటి కిట్ తెచ్చేవారు, వీటిని యాన్యువల్ కిట్లంటారు. అసలు కారుకి గ్రిల్ మారిస్తే, లైట్లు మారిస్తే, కిట్ కంపెనీ కూడా అదే డైని మళ్లీ కోసి కొత్త ఏడాది కారుగా మార్చేది. అంటే పాత ఏడాది డై ఇక ఉండదు. చేసిన డైని మళ్లీ కోయడమంటే ఎలా ఉంటుందో మా వృత్తివాళ్లకి తెలుసు, మనసు ఒప్పుకోదు. ఖర్చు తగ్గించడానికి అది తప్పలేదు. అలాంటి కిట్లు కొన్ని కట్టకుండా మ్యూజియముల్లో ఉండాల్సిందే. వాటికైనా టైర్లు విడిగా తీసి పెట్టాలి, అంటే డబ్బా విప్పాల్సిందే.

నేను కట్టిన విధానం కొంచెం రాస్తాను, మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా కిట్ ఉంటే ఉపయోగపడుతుంది. మొదట ముక్కలన్నీ రన్నర్ల మీదే, అంటే వాటిని కలిపి పట్టుకునే ప్లాస్టిక్ కాడల మీదే, ఉంచి గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడగాలి. డై నుంచి ముక్క సులువుగా ఊడిరావడానికి కొట్టే రిలీజ్ ఏజెంట్ పైన పొరలా ఉంటుంది, అది పోకపోతే రంగు నిలవదు. ముక్కలను విరవకూడదు, ముక్క రన్నర్‌కి అంటుకునే గేటు దగ్గర కట్ చేసి ఫైల్‌తో చదును చేయాలి. పార్టింగ్ లైన్‌ని బ్లేడు వెన్నుతో గీకి, వాటర్ పేపర్‌తో తడి చేసి రుద్దాలి. ప్రైమర్ పల్చగా రెండు మూడు పొరలు. బండ్లకు వేసే ఎన్‌సీ పెయింటు థిన్నర్‌తో సహా నేరుగా కొడితే పాలిస్టైరీన్ ముడతలు పడుతుంది, ప్రైమర్ లేకుండా ఆ పని చేయకండి. అతికించడానికి పాలిస్టైరీన్ సిమెంటే వాడాలి. అది రెండు అంచుల్నీ కొంచెం కరిగించి ఒకటి చేస్తుంది, ఆరాక వెల్డింగ్ చేసినట్టే. ఫెవిక్విక్ లాంటి జిగురుల ఆవిరి తగిలితే అద్దాల ముక్కలు తెల్లగా మసకబారతాయి. సిమెంటు వాసన పీల్చకుండా కిటికీ తెరిచి కూర్చోవాలి, పిల్లలైతే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

రంగు కోసం నేను చాలా ఆలోచించాను. 1957లో షెవ్రొలె ఇచ్చిన రంగుల్లో ఇండియా ఐవరీ అని ఒకటి ఉంది, మీగడ తెలుపు. కప్పుకి అది, కింద బాడీకి లార్క్‌స్పర్ బ్లూ. అప్పటి రెండు రంగుల బండ్లలో ఇది నాకు అన్నిటికన్నా అందంగా అనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ ఇష్టంగా చేసింది కూడా పక్క పట్టీల పని. బెల్ ఎయిర్ పక్కన మెరిసే స్టీలు పట్టీ ముందు నుంచి వెనక్కి వెళ్తూ తలుపు దగ్గర రెండుగా చీలుతుంది, ఆ చీలిక మధ్య తోక దాకా ముక్కోణంలా అల్యూమినియం ప్యానెల్, దాని మీద సన్నటి గాడులు. కిట్‌లో ఇవన్నీ బాడీలోనే ఉబ్బెత్తుగా పోశారు, క్రోమ్ పూత లేదు. వెండి రంగు పూస్తే బొమ్మలా కనిపిస్తుంది. ఇందుకోసం జిగురు వెనకున్న అతి పల్చటి అల్యూమినియం ఫాయిల్ దొరుకుతుంది. పట్టీ కన్నా కొంచెం వెడల్పుగా ముక్క కోసి, ఒక చివర నుంచి మెల్లగా పరుచుకుంటూ పోవాలి. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో రుద్దితే గాడులన్నీ ఫాయిల్ మీద తేలతాయి. అప్పుడు కొత్త బ్లేడుతో పట్టీ అంచు వెంట కోయాలి. బ్లేడు బరువు చాలు, చేత్తో ఒత్తకూడదు, ఒత్తితే కింది రంగు తెగుతుంది. మొద్దుబారిన బ్లేడు ఫాయిల్‌ని కోయదు, చింపుతుంది. ఒక్కో పక్కకీ ఒక సాయంత్రం. పూర్తయ్యాక దీపం కింద పెట్టి చూస్తే ఆ గాడుల్లో వెలుగు ఒక్కొక్కటిగా పరిగెత్తింది. ఆ గాడులు ఉక్కులో కోసినవాడికి వాటిని ఇలా చూడాలన్నదే ఉద్దేశం అని నా నమ్మకం.

ఆ ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూయిజ్‌కి వెళ్లాం. 1995లో మొదలైన ఈ వేడుకలో ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద వేల కొద్దీ పాత కార్లు నడుపుకుంటూ వస్తారు. అక్కడ అసలు '57 బెల్ ఎయిర్ చూశాను. దాదాపు పదిహేడు అడుగుల బండి. దాన్ని ఇరవై అయిదు వంతులు చేస్తే ఎనిమిది అంగుళాలు, మా ఇంటి బల్ల మీద ఉన్నది అంతే. పెట్రోలు మూత ఎక్కడుందో తెలుసా అని ఓనరు అడిగాడు. ఎడమ తోక రెక్క చివర నిలువు క్రోమ్ పట్టీ వెనక అని చెప్పాను. ఆయన దాన్ని తెరిచి చూపించి నవ్వాడు. కిట్ కట్టకపోయుంటే ఆ రెక్క అంచుని అంత దగ్గరగా ఎప్పుడూ చూసేవాడిని కాదు. పాత కిట్ల ఇన్‌స్ట్రక్షన్ షీటులో ప్రతి ముక్కకీ పేరుండేది. జనరేటర్, డిస్ట్రిబ్యూటర్, లీఫ్ స్ప్రింగ్, డ్రైవ్ షాఫ్ట్. కట్టిన పిల్లాడికి కారు లోపల ఏమేం ఉంటాయో, ఏది దేనికి బిగుస్తుందో చేతికే తెలిసేది.

ఈ కారణంగానే మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్కుల్లో డై మేకింగ్ చెప్పే మాస్టర్లకు ఒక విన్నపం. ఖరీదైన పాత డబ్బా అక్కర్లేదు, మళ్లీ పోసిన కొత్త కిట్ ఒకటి తెప్పించి, ముక్కలు రన్నర్ మీద ఉండగానే విద్యార్థుల చేతికి ఇవ్వండి. గేటు ఎక్కడ పెట్టారు, పిన్ను ఎక్కడ తోసింది, ఈ తలుపు హ్యాండిల్ కోసం స్లయిడ్ ఎటు జరగాలి అని వాళ్లనే చెప్పమనండి. బోర్డు మీద నెల రోజులు గీసి చెప్పినదానికన్నా ఇది బాగా ఎక్కుతుంది. నా పక్క బెంచీలో నేర్చుకున్న పిల్లలకి విరిగిపోయిన బొమ్మలు ఇచ్చి అలాగే నేర్పాను, వాళ్లలో చాలామంది ఇప్పుడు సొంత టూల్ రూములు నడుపుతున్నారు.

మీ కథనం రాసినవారితో నాకేం తగవు లేదు. ఆయన కిట్ల గురించి రాశారు కాబట్టే నేను ఈ ఉత్తరం రాయగలిగాను. వచ్చే ఆదివారం ఈ కొంచెం సమాచారమైనా వేయండి: విదేశం నుంచి తమ్ముడో కొడుకో తెచ్చిన పాత కారు కిట్ ఎవరింట్లో ఉన్నా ఈ వారమే డబ్బా తెరిచి, టైర్లు తీసి వేరే పాలిథిన్ కవర్లో వేసి, బాడీకి, అద్దాలకి దూరంగా పెట్టండి. కట్టేటప్పుడు చక్రానికి, టైరుకి మధ్య సన్నటి ఫాయిల్ పట్టీ చుట్టండి, లేదా చక్రం అంచుకి రంగు పొర వేసి బాగా ఆరనివ్వండి. అంచు ఇప్పటికే కరిగి ఉంటే కంగారు పడకండి. కరిగిన మేరకు గీకి, పుట్టీ పెట్టి, ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దితే బాగవుతుంది.

— ఒక రిటైర్డ్ డై మేకర్
బాలానగర్, హైదరాబాద్